చివర్లో పెళ్లయిందా లేదా – ఇదేనా మన విమర్శ?

2018లో ఒక విద్యార్థిని పరిశోధనాంశం పట్టుకుని నా గదికి వచ్చింది. జపాన్, కొరియా టీవీ ధారావాహికల్లో ఇంటి చాకిరిని ఎలా చూపిస్తున్నారో రాస్తానంది. ఉదాహరణగా ఒక జపాన్ సీరియల్ కథ మొదలుపెట్టింది. ఉద్యోగం పోయిన అమ్మాయి, పెళ్లంటే భయపడే అబ్బాయి, ఇద్దరి మధ్యా జీతం మాట్లాడుకుని చేసుకున్న ఉత్తుత్తి పెళ్లి. నేను మధ్యలోనే ఆపి, "ఒక్కటి చెప్పమ్మా, చివర్లో వాళ్లిద్దరూ ప్రేమలో పడి నిజంగానే కలిసిపోతారా?" అని అడిగాను. "కలిసిపోతారు మేడమ్. కానీ..." అంది. ఆ 'కానీ' తర్వాత ఏముందో నేను వినలేదు. "మరింకేం, మళ్లీ పాత కథే కదా" అన్నాను. చుట్టూ ఉన్న సహోద్యోగులు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. నెల తర్వాత వేరే అంశం తెచ్చింది. ఎవరూ కాదనలేనిది, ఎవరికీ అక్కర్లేనిది.

ఆ రోజు నేనడిగిన ప్రశ్న నా సొంతం కాదు. మన సభల్లో, సమీక్షల్లో, థీసిస్ వైవాల్లో ముప్పై నలభై ఏళ్లుగా అడుగుతున్నదే. ప్రేమకథ పెళ్లితో ముగిస్తే పితృస్వామ్యం గెలిచినట్టు, నాయిక తలుపు వేసుకుని బయటికి నడిస్తే స్త్రీవాదం గెలిచినట్టు. ముగింపును కోర్టు తీర్పులా చదివి ఫైలు మూసేస్తున్నాం. ఈ అలవాటు వల్ల రెండు తప్పులు జరుగుతున్నాయి. ప్రేమకథ లోపల సాగుతున్న వ్యంగ్యం మనకు వినిపించడం లేదు. వ్యంగ్యం పేరుతో వచ్చి చివరికి అన్నీ సర్దేసుకునే కథలేమో మన కళ్లు గప్పి పోతున్నాయి. రెండోది మొదటిదానికన్నా ప్రమాదం. ఈ వ్యాసం ఆ రెండింటి గురించీ.

ఈ ప్రశ్న ఎక్కడ నేర్చుకున్నాం?

నేర్చుకోవడానికి కారణాలున్నాయి. మనలో చాలామందిమి యద్దనపూడి సులోచనారాణి నవలలు దిండు కింద పెట్టుకుని చదివినవాళ్లమే. ఆ తర్వాత స్త్రీవాదం చదువుకున్నాం. ఆ రాజశేఖరాలూ ఆ కార్లూ మనకు ఏం అమ్మాయో అర్థమై కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే, అప్పటికి అవసరమైనదే. కానీ ఆ కోపంలో 'సెక్రటరీ' జయంతి ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయి అన్న సంగతి పక్కకు పోయింది. లక్షలమంది ఆడపిల్లలు ఆ నవలలో రాజశేఖరాన్ని మాత్రమే చూశారా, జీతం తెచ్చుకునే ఆడపిల్లను కూడా చూశారా అని మనం ఎవరినీ అడగలేదు.

అడిగినవాళ్లున్నారు. అమెరికాలో జానిస్ రాడ్‌వే ఒక చిన్న ఊళ్లో రొమాన్సు నవలలు చదివే గృహిణుల దగ్గరికి వెళ్లి మాట్లాడి 1984లో పుస్తకం వేసింది. సుఖాంతం లేకపోతే ఆ పాఠకులు ఒప్పుకోరు. కొందరు కొనేముందే చివరి పేజీలు తిరగేస్తారు. అంటే ముగింపు వాళ్లకు ముందే తెలుసు. తెలిసీ చదువుతున్నారంటే చదివేది ముగింపు కోసం మాత్రమే కాదన్నమాట. మొగుడికీ పిల్లలకీ చేసే చాకిరి మధ్యలో ఆ గంటసేపు పుస్తకం పట్టుకుని కూర్చోవడమే వాళ్లకు 'ఇది నా సమయం' అని చెప్పుకోవడం. రాడ్‌వే ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టలేదు. ఆ గంట తర్వాత వాళ్లు మళ్లీ అదే వంటింట్లోకి వెళ్తున్నారని కూడా రాసింది. రెండు మాటలూ కలిపి పట్టుకోవడం కష్టం. మనకు మాత్రం రెండోదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వేదికెక్కడం అలవాటైంది.

జీతం ఇచ్చిన మొగుడు

ఆ అమ్మాయి చెప్పబోయిన సీరియల్‌ను రెండేళ్ల తర్వాత, కరోనా లాక్‌డౌన్‌లో చూశాను. 'పారిపోవడం సిగ్గుచేటే, కానీ పనికొస్తుంది' అని దాని పేరుకి అర్థం. జపాన్‌లో 'నిగెహజి' అని ముద్దుగా కుదించి పిలుచుకుంటారు. ఉమినో త్సునామి అనే రచయిత్రి గీసిన మాంగా ఆధారంగా నోగి అకికో స్క్రిప్టు రాసింది. 2016 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టీబీయస్ ఛానెల్లో 11 భాగాలు వచ్చింది. చివరి భాగానికి రేటింగ్ 20 శాతం దాటింది. ముగింపు పాటకు నటులు వేసిన డ్యాన్సు దేశమంతా వేసింది.

మోరియామా మికురి పెద్ద చదువు చదివింది. ఆ చదువుకు ఉద్యోగం దొరక్క తాత్కాలిక ఉద్యోగిగా చేరితే అందులోంచీ తీసేశారు. కంప్యూటరు ఇంజనీరు త్సుజాకి హిరామాస ఇంట్లో వారానికోసారి ఇల్లు ఊడ్చి శుభ్రం చేసే పనికి కుదురుతుంది. అమ్మానాన్నలు పల్లెకు మారిపోతుంటే నగరంలో ఉండడానికి దారి లేక ఆమే ఒక ప్రతిపాదన పెడుతుంది. మనం మొగుడూ పెళ్లాల్లా ఒకే ఇంట్లో ఉందాం, మీరు యజమాని, నేను ఉద్యోగిని. అతను లెక్కలు వేస్తాడు. గృహిణి ఏడాదిపాటు చేసే జీతం లేని పనికి 30 లక్షల యెన్లకు పైగా విలువ కట్టిన లెక్క ఒకటి అతని చేతిలో ఉంటుంది. దాన్ని పని గంటలకు విడగొట్టి, అద్దె, తిండి ఖర్చుల్లో ఆమె వాటా తీసేసి జీతం నిర్ణయిస్తాడు. మన దగ్గర ఇంటి చాకిరికి విలువ కట్టడం గురించి ఎన్ని సదస్సులు పెట్టాం! ఇక్కడ అదంతా ఒక ప్రేమకథలో మొదటి భాగం.

వ్యంగ్యం ఎక్కడుందంటే, ఈ ఏర్పాటు హాయిగా సాగిపోవడంలో ఉంది. జీతం ఉన్నంతకాలం ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకుంటారు. పనికి వేళలున్నాయి, సెలవులున్నాయి, బాగా చేస్తే మెచ్చుకోలు ఉంది. చుట్టుపక్కల ఉన్న నిజం పెళ్లిళ్లలో ఏది కనపడదో ఈ ఉత్తుత్తి పెళ్లిలో అదంతా కనపడుతుంది. మధ్యమధ్యలో మికురి పగటి కలల్లో టీవీ కార్యక్రమాల అనుకరణలు వస్తుంటాయి. తన జీవితాన్ని తనే ఇంటర్వ్యూ చేసుకుంటూ నవ్విస్తుంది.

అసలు మెలిక పదో భాగంలో ఉంది. అప్పటికి ప్రేమ పుట్టింది. హిరామాస మంచి హోటలుకు తీసుకెళ్లి నిజంగా పెళ్లి చేసుకుందామంటాడు. చేసుకుంటే ఎంత లాభమో కూడా లెక్క చూపిస్తాడు. ఇకనుంచి ఆమెకు జీతం ఇవ్వక్కర్లేదు కదా, ఆ డబ్బంతా మిగులుతుంది, దాచుకోవచ్చు. ప్రేక్షకులంతా పదివారాలుగా ఎదురుచూసిన ఘట్టం ఇది. అక్కడ మికురి ఆనందంతో కళ్లు తుడుచుకోదు. ప్రేమ ఉంది కాబట్టి జీతం మానేయొచ్చనుకుంటే అది ప్రేమను అడ్డం పెట్టుకుని చేసే దోపిడీ అని అతని మొహం మీదే చెబుతుంది. అదే భాగంలో బజారు వీధి దుకాణదారులు ఆమె తెలివితేటల్ని ఉచితంగా వాడుకోబోతే, తోడుపడడం పేరుతో ఊరికే పని చేయించుకోవడం అలవాటు చేసుకోవద్దని అంటుంది. ఇంట్లో దోపిడీనీ వీధిలో దోపిడీనీ ఒకే భాగంలో పక్కపక్కన పెట్టారు. ఎక్కడ జరిగింది ఈ మాట? ప్రేమకథలో, పెళ్లి ప్రస్తావన వచ్చిన బల్ల దగ్గర.

ఆఖరి భాగంలో వాళ్లు కలిసే ఉంటారు. నిజమే. యజమాని, ఉద్యోగి అన్న ఏర్పాటు పోయి, ఇంటికి ఇద్దరూ ఉమ్మడి నిర్వాహకులు అవుతారు. సమావేశాలు పెట్టుకుని పనులు పంచుకుంటారు. పంచుకున్నంత మాత్రాన సవ్యంగా సాగదు. మికురికి బయట పని పెరుగుతుంది, ఇల్లు చిందరవందర అవుతుంది, ఎవరి వాటా ఎవరు ఎగ్గొట్టారన్న తగువు వస్తుంది. ఆమె స్నానాల గదిలో దూరి తలుపేసుకుంటుంది. అతను బయట కూచుని తలుపుతో మాట్లాడతాడు. అతనికీ కంపెనీలో ఉద్యోగం ఊడే పరిస్థితి. సీరియల్ ఒకే ఒక్క భవిష్యత్తు చూపించి శుభం కార్డు వెయ్యదు, రకరకాల భవిష్యత్తులు ఊహగా చూపిస్తుంది. 2021 జనవరిలో వచ్చిన ప్రత్యేక భాగంలో కడుపు, పురుడు, అతను ప్రసూతి సెలవు అడగడం, చట్టప్రకారం పెళ్లి నమోదు చేసుకుంటే ఇద్దరిలో ఎవరి ఇంటిపేరు పోవాలన్న సమస్య, అన్నీ వస్తాయి. భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలన్న చట్టాన్ని జపాన్ సుప్రీంకోర్టు 2015లోనూ మళ్లీ 2021లోనూ సమర్థించింది. అంటే ఈ కథలో పెళ్లి ముగింపు కాదు, తగువుకు కొత్త చిరునామా. "మళ్లీ పాత కథే కదా" అన్న నాకు ఈ తగువు కనపడనే లేదు. ఆ 'కానీ' ఇదే.

పెళ్లి లేదు కాబట్టి వదిలేసిన కథ

ఇప్పుడు ఎదురుగా ఇంకోటి పెట్టి చూద్దాం. కొరియాలో జేటీబీసీ ఛానెల్లో 2018 నవంబరు నుంచి 2019 ఫిబ్రవరి దాకా 20 భాగాలుగా వచ్చిన 'స్కై కాసిల్'. రచయిత్రి యూ హ్యున్‌మి. చివరి భాగానికి రేటింగ్ 23 శాతం దాటింది. కేబుల్ ఛానెళ్లకు అప్పటికి అది రికార్డు. దీన్ని ఎవరూ ప్రేమకథ అనలేదు. పదునైన సామాజిక వ్యంగ్యం అన్నారు. మనవాళ్లు కూడా మెచ్చుకుంటూ మాట్లాడారు.

మెచ్చుకోవలసిందే. డాక్టర్లూ లా ప్రొఫెసర్లూ ఉండే ఒక కోటలాంటి కాలనీ. పిల్లల్ని సియోల్ నేషనల్ యూనివర్సిటీ మెడిసిన్‌లో చేర్చడమే తల్లుల పూర్తికాలపు ఉద్యోగం. కొడుక్కి సీటొచ్చాక ఒక తల్లి తుపాకీతో కాల్చుకుని చచ్చిపోవడంతో కథ మొదలవుతుంది. హాన్ సోజిన్ తన కూతురి కోసం కిమ్ జూయోంగ్ అనే కోచ్‌ను లక్షలు పోసి పెట్టుకుంటుంది. ఎంసెట్ ర్యాంకుల హోర్డింగుల మధ్య పిల్లల్ని పెంచిన మనకు ఆ కాలనీ పరాయిది కాదు. పరువు మగవాడిది, చాకిరి తల్లిది, ఫలితం తప్పితే నింద తల్లిది. ఈ లెక్కను పద్దెనిమిది భాగాలు ఎక్కడా తడబడకుండా చూపించారు.

ఇందులో కిమ్ హ్యేనా అనే పిల్ల ఉంది. తండ్రి ఎవరో తెలియకుండా పెరిగింది. తల్లి చనిపోయాక, అదే కాలనీలో ఉన్న సర్జన్ తన తండ్రి అని తెలుసుకుని ఆ ఇంట్లోనే చేరుతుంది. తెలివైనది, డబ్బు లేనిది. పరీక్ష పేపరు దొంగతనం కనిపెట్టినందుకు ఆమెను బాల్కనీ నుంచి తోయించి చంపుతారు. ఆస్పత్రికి తెచ్చినప్పుడు, ఆమె తన కూతురని తెలియని ఆ తండ్రే, పెద్దవాళ్ల పిల్లవాడి ఆపరేషన్‌ను ముందుకు తెచ్చి ఆమెను పక్కన పెడతాడు. వ్యంగ్యం ఇంతకన్నా కర్కశంగా ఉండడం కష్టం.

మరి ముగింపు? తండ్రి ఏడ్చి పశ్చాత్తాపపడి ఉద్యోగం మానేస్తాడు. కోచ్ జైలుకి పోతుంది. సోజిన్ నిజం ఒప్పుకుంటుంది, ఆమె కూతురు బడి మానేసి మంచి పిల్ల అవుతుంది. మొగుడి నియంతృత్వం భరించలేక విడాకుల కాగితాలు పంపిన నో సంగ్హే, మొగుడు కాస్త మెత్తబడగానే తిరిగొస్తుంది. అందరూ నవ్వుతారు. హ్యేనా సమాధిలో ఉంది. ఆమె చావుకు బదులుగా నాలుగు ఉన్నతవర్గ కుటుంబాలకు మంచి బుద్ధి వచ్చింది. ఆ ముగింపు చూసి కొరియా ప్రేక్షకులే చాలామంది కోపగించుకున్నారు.

ఇక్కడ పెళ్లి జరగలేదు. అందుకే మన పాత ప్రశ్నకు ఈ కథ చిక్కదు. కానీ జరిగింది పెళ్లికన్నా పెద్ద రాజీ. కథ మొదట్లో ఒక వ్యవస్థను బోనులో నిలబెట్టారు. చివరికి ఒక ఒంటరి ఆడదాన్ని మాత్రమే జైలుకి పంపి, మిగిలినవాళ్లకు సంస్కారం ఇచ్చి ఇంటికి పంపారు. తప్పు కోటది అని మొదలై, తప్పు తల్లుల మనసుది అని ముగిసింది. ప్రేమకథ మీద పెట్టే నిఘాలో పదోవంతు ఇలాంటి వ్యంగ్యాల మీద పెట్టి ఉంటే మనం ఎప్పుడో పట్టుకునేవాళ్లం.

టీవీలో ఇంతకన్నా చెయ్యలేరు, మార్కెట్ ఒప్పుకోదు అంటారేమో. ఒప్పుకుంది. 2015లో కొరియాలోనే యస్‌బీయస్ ఛానెల్లో చోంగ్ సోంగ్‌జూ రాసిన, ఆన్ పాన్‌సోక్ తీసిన 30 భాగాల సీరియల్ వచ్చింది. ఇంగ్లీషులో 'హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్' అన్నారు. పెద్ద లాయరు హాన్ జోంగ్‌హో ఇంటికి, అతని కొడుకు వల్ల నిండు నెలలతో ఉన్న మామూలింటి అమ్మాయి సో బోమ్ వస్తుంది. ఆ ఇంట్లోనే నొప్పులొచ్చి ప్రసవిస్తుంది. ఇద్దరూ ఇంకా బడి పిల్లలు. పెళ్లి కథ మొదట్లోనే అయిపోతుంది. ఆ తర్వాత కథంతా ఆ ఇంట్లో ఎవరు ఎవరికి వంగి నమస్కారం పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో చూపించడమే. వంటమనిషి, సెక్రటరీ, పిల్లను చూసుకునే ఆయా మొదట్లో గుసగుసలాడుకునే హాస్య పాత్రలు. పోనుపోనూ వాళ్లు కలిసికట్టుగా తమ షరతులు మాట్లాడడం మొదలుపెడతారు. చివరికి సో బోమ్ ఆ ఇల్లు వదిలేస్తుంది. ఆస్తి వదులుకుని కుర్రాడు ఆమె వెంట వెళ్తాడు. పనివాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతారు. అంత పెద్ద ఇంట్లో పెద్దాయన ఒక్కడే మిగులుతాడు. అతనికి పశ్చాత్తాపం రాదు, దాని అవసరం కూడా కథకు లేదు. ఇతరుల చాకిరి లేకపోతే ఆ దర్జా ఎంతో ఆ ఖాళీ ఇల్లే చూపిస్తుంది. ఇందులోనూ ప్రేమ జంట చివర్లో కలిసే ఉంది. నా పాత ప్రశ్న అడిగి ఉంటే దీన్నీ అవతల పెట్టేదాన్ని.

ముగింపు ఎవరి లెక్క తేల్చింది?

నేను చెప్పేది ఇది. కథ చివర్లో జంట కలిసిందా అన్నది రెండో ప్రశ్న. మొదట్లో కథ ఏ లెక్క విప్పింది, చివర్లో ఆ లెక్కే తేల్చిందా, మనకు తెలియకుండా వేరే లెక్క పెట్టిందా అన్నది మొదటి ప్రశ్న. 'నిగెహజి' జీతం లెక్క విప్పింది, ప్రేమ వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. 'స్కై కాసిల్' వర్గం లెక్క విప్పి నైతికత లెక్కతో మూసింది.

ఈ ప్రశ్నతో పాత కథల దగ్గరికి వెళ్తే అవీ వేరేగా కనిపిస్తాయి. 2005 జూన్, జులైల్లో కొరియాలో ఎంబీసీ ఛానెల్లో 'నా పేరు కిమ్ సామ్‌సూన్' వచ్చింది. ముప్పై దగ్గర పడిన, లావుగా ఉందని అందరూ వెక్కిరించే, కేకులు తయారుచేసే అమ్మాయి. డబ్బున్న హోటల్ వారసుడు. ఐదు కోట్ల వొన్‌కి ఉత్తుత్తి ప్రేమ ఒప్పందం. ఇందులో ఆ మగవాడు ఆమెను చెయ్యి పట్టి ఈడ్చుకుపోతూనే ఉంటాడు, దాన్ని వెనకేసుకురాను. కానీ రేటింగ్ 50 శాతం దాటిన ఆఖరి భాగంలో పెళ్లి లేదు. అతని తల్లి ఒప్పుకోలేదు. ముందు ముందు మేం విడిపోవచ్చు కూడా అని సామ్‌సూన్ స్వయంగా చెప్పుకుంటుంది. అయినా ఈ రోజుకి ప్రేమిస్తానంటుంది. ఆ సీరియల్‌కు నాలుగు నెలల ముందే, 2005 ఫిబ్రవరిలో, కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 'హోజు' పద్ధతిని కొట్టేసింది. ఇంటికి మగవాడే యజమాని, పెళ్లయిన ఆడది భర్త ఇంటి రిజిస్టరులోకి మారాలి అనే చట్టం అది. మార్చిలో పార్లమెంటు రద్దు చేసింది, 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దశాబ్దాలు పోరాడి సాధించినవాళ్లు కొరియా స్త్రీలు. ఆ చట్టం వల్లే ఆ ముగింపు వచ్చిందని నేననను. కానీ ఆడదాని పేరు ఎవరి ఇంటి కాగితంలో ఉండాలన్నది దేశమంతా మాట్లాడుకుంటున్న ఏడాదిలో, తన మోటు పేరు మార్చుకోవాలని తంటాలుపడి చివరికి ఆ పేరుతోనే నిలబడ్డ అమ్మాయిని సగం దేశం కూర్చుని చూసింది. దీన్ని 'వట్టి రొమాన్సు' అనడానికి నాకిప్పుడు నోరు రాదు.

నా మాట విని 'కాలక్షేపానికి చూసేదానికి ఇంత విశ్లేషణా' అనేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు నా జవాబు చిన్నది. కాలక్షేపం అనేది ఆడవాళ్లకు దొరికే అతి తక్కువ సొంత ఆస్తుల్లో ఒకటి. దాంట్లో ఏముందో చూసుకునే హక్కు మనకుంది. రెండో ఆక్షేపణ మన మిత్రులది, దాన్ని తేలిగ్గా తీసుకోను. 'మీరు మార్కెట్‌కు వకాల్తా పుచ్చుకుంటున్నారు, ఎంత వ్యంగ్యం పెట్టినా చివరికి జంటే కదా అమ్ముడుపోయేది' అంటారు. అవును, జంటే అమ్ముడుపోతుంది. అందుకే ఆ జంట లోపల ఏం జరుగుతోందో చూడాలి. మనం చూడకపోతే ఆ పని ప్రకటనలవాళ్లు చూసుకుంటారు.

ఇంకో సంగతి. వాళ్ల సీరియల్ పదకొండుకో పదహారుకో ముగుస్తుంది కాబట్టి ముగింపు గురించి వాదించుకునే అదృష్టమైనా ఉంది. మన డైలీ సీరియళ్లకు ఆ బాధ లేదు. 'కార్తీక దీపం' 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. ముగింపు లేని కథ చూసే ఆడదాన్ని అందరి బాధలూ తన బాధలే అనుకునే తల్లిని చేస్తుందని టానియా మోడ్లెస్కీ 1982లోనే అమెరికన్ సోపుల గురించి రాసింది. అయితే 'కార్తీక దీపం'లో కూడా మన ప్రశ్నకు ఒక చోటుంది. మొగుడి అనుమానం వల్ల ఇల్లు వదిలిన దీప వంట చేసి సంపాదించి వంటలక్క అనిపించుకుంది. తెలుగు రాష్ట్రాలు ఆమెను ఆ పేరుతోనే ప్రేమించాయి. అదే వంట మొగుడింట్లో చేస్తే జీతమూ లేదు, ఆ పేరూ లేదు. ఎన్నో వందల భాగాలు మనం అడిగింది దీప, కార్తీక్ ఎప్పుడు కలుస్తారనే. కలిశాక వంటలక్క సంపాదన ఏమవుతుందని ఏ సమీక్షలోనైనా అడిగామా? నేను అడగలేదు.

ఆ విద్యార్థిని ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొన్న ఫోన్ చేసి, ఆ సీరియల్ చూశానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎలా ఉంది మేడమ్?" అంది. చెప్పడం మొదలుపెట్టాను. పదో భాగం దగ్గరికి వచ్చేసరికి తనే అందుకుని మిగతాది చెప్పింది. ఎనిమిదో ఏడో పేజీలు రాసిపెట్టుకుందట అప్పట్లో. పారెయ్యలేదట. పంపించమన్నాను. ఈసారి చివరిదాకా చదువుతాను.